మెదడు ధమనిలోని గడ్డను తీసే కేథెటర్ డిజైన్: బ్లేడు, వ్యాసం, వ్యాక్యూమ్ గురించి

మీరు మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా, పక్షవాతం వచ్చిన రోగి మెదడు ధమనిలో ఇరుక్కున్న రక్తపు గడ్డను తొలగించే కేథెటర్‌ను, అంటే రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టాన్ని, రూపొందించాలనుకుంటున్నామని రాశారు, ఒక ప్రయోగ వీడియో కూడా పంపారు. కొనలో తిరిగే చిన్న బ్లేడుతో గడ్డను ముక్కలు చేసి, ఆ ముక్కలను సక్షన్‌తో లాగేయాలన్నది మీ ఆలోచన. దానికి లోపలి వ్యాసం ఎంత ఉండాలి, వ్యాక్యూమ్ ఎంత ఇవ్వాలి, గొట్టాన్ని ఏ పదార్థంతో చేయాలి అని అడిగారు. మూడింటికీ సమాధానం చెబుతాను. అయితే బ్లేడు సంగతి తేల్చకుండా ఆ మూడింటి గురించి మాట్లాడటంలో అర్థం లేదు కనుక దానితోనే మొదలుపెడతాను.

మెదడు ధమనిలో గడ్డను ముక్కలు చేయకూడదు. మీరు చేరుకోవాలనుకుంటున్న మధ్య మస్తిష్క ధమని మొదటి భాగం వ్యాసం చాలామందిలో 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అక్కడ నలిగిన గడ్డలోంచి ఒక మిల్లీమీటరు ముక్క తప్పించుకున్నా, రక్తప్రవాహం దాన్ని ముందుకు తోసి అంతకంటే సన్నని కొమ్మలో ఇరికిస్తుంది. కేథెటర్ చేరలేని ఆ కొమ్మే చేతిని కదిలించే భాగానికో, మాట పలికించే భాగానికో రక్తాన్ని అందిస్తూ ఉండవచ్చు. పైగా మెదడు లోపలి ధమనుల గోడలు శరీరంలో అదే పరిమాణంలో ఉన్న ఇతర ధమనుల గోడలకన్నా పల్చన, వాటి చుట్టూ ఆసరాగా పట్టి ఉంచే కండరాలేవీ ఉండవు. మధ్య మస్తిష్క ధమని నుంచి సూదుల్లాంటి సన్నని కొమ్మలు నేరుగా మెదడు లోతుల్లోకి దిగుతాయి. తిరిగే లోహపు అంచు ఆ కొమ్మలలో ఒకదాన్ని చీల్చిందంటే గడ్డను తీయడానికి వెళ్ళి మెదడులో రక్తస్రావం తెచ్చినట్టవుతుంది.

మీ ఆలోచనకు దగ్గరగా ఉన్నదాన్ని ఈ రంగం ఇప్పటికే ప్రయత్నించి పక్కన పెట్టిందని కూడా తెలుసుకోండి. 2008లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మొదటి తరం పెనంబ్రా సక్షన్ వ్యవస్థలో సెపరేటర్ అనే ఒక తీగ ఉండేది. కేథెటర్ కొన దగ్గర దాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ గడ్డను చిదిపి, కొన మూసుకుపోకుండా చూస్తూ, చిదిగినదాన్ని లోపలికి పీల్చేవారు. ఆనాటి కేథెటర్లు సన్ననివి కాబట్టి అది తప్పనిసరి అయింది. పెద్ద వ్యాసంతోనూ మెత్తగా వంగే కేథెటర్లు తయారైన తరువాత, 2014 ప్రాంతంలో, తీగను వదిలేసి కొనను నేరుగా గడ్డకు ఆనించి, పీల్చి పట్టుకొని, మొత్తంగా వెనక్కి తెచ్చే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. అంటే దశాబ్దం లోపలే డిజైన్ లక్ష్యం గడ్డను చిన్నది చేయడం నుంచి, గడ్డను చెక్కుచెదరకుండా బయటికి తేవడం వైపు మళ్ళింది. మీ ప్రాజెక్టు లక్ష్యాన్నీ అలాగే రాసుకోండి: మొదటి ప్రయత్నంలోనే, ముక్క రాలకుండా, మొత్తం గడ్డ బయటికి రావాలి. వైద్యులు దీన్ని ఫస్ట్ పాస్ ఎఫెక్ట్ అంటారు. మొదటిసారే పూర్తిగా తెరుచుకున్న రోగులు, అదే ఫలితాన్ని రెండు మూడు ప్రయత్నాల తరువాత పొందినవారికన్నా బాగా కోలుకుంటున్నారని పరిశోధనలు చూపించాయి. ఇందులో కాలానిదీ పెద్ద పాత్రే. పెద్ద ధమని మూసుకుపోయిన పక్షవాతంలో ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు.

ఈ పరికరాల చరిత్రను డిజైనర్ కళ్ళతో ఒకసారి చదవమని నా సలహా. థామస్ ఫోగార్టీ 1963లో ప్రచురించిన బెలూన్ కేథెటర్ కాళ్ళ ధమనుల కోసం చేసినది. మొదటి నమూనాలో ఆయన శస్త్రచికిత్స గ్లవ్ వేలి కొనను మూత్రనాళ కేథెటర్‌కు దారంతో కట్టారు. బెలూన్‌ను ముడుచుకున్న స్థితిలో గడ్డను దాటించి, అవతల ఉబ్బించి, వెనక్కి లాగడమే ఆ సూత్రం. నేటికీ కాళ్ళ ధమనులలో అది పనిచేస్తోంది. మెదడు విషయానికి వస్తే 2004లో అమెరికాలో అనుమతి పొందిన మెర్సీ పరికరం కార్క్ స్క్రూలా మెలితిరిగిన నైటినాల్ (నికెల్, టైటానియం మిశ్రలోహం) తీగ. ఆ తరువాత వచ్చినవి స్టెంట్ రిట్రీవర్లు, అంటే గడ్డలో తెరుచుకొని దాన్ని పట్టి వెనక్కి లాగే తీగల జాలీలు. వీటిలో మొదటిదైన సాలిటేర్‌కు మూలం, అన్యూరిజంలో (ధమని గోడ బుడగలా ఉబ్బిన చోట) నింపిన కాయిల్స్ అనే తీగచుట్టలు జారిపోకుండా ఆపడానికి చేసిన స్టెంట్. తెరిచాక కూడా తిరిగి వెనక్కి తీసుకోగలిగే గుణం దానికి ఉండడం వల్ల గడ్డను పట్టుకొని లాగడానికి అది పనికివస్తుందని వైద్యులు గుర్తించారు. 2012లో సాలిటేర్, మరో స్టెంట్ రిట్రీవర్ ట్రెవో రెండూ మెర్సీతో పోల్చిన పరీక్షలలో స్పష్టంగా మెరుగని తేలాయి.

అయినా 2013లో వెలువడిన మూడు పెద్ద పరీక్షలు కేథెటర్ చికిత్సకు అదనపు ప్రయోజనం చూపలేకపోయాయి. వాటిలో ఎక్కువమందికి వాడినవి పాత తరం పద్ధతులు, పరికరాలు, పైగా పెద్ద ధమని నిజంగా మూసుకుందో లేదో ప్రతి రోగిలోనూ ముందే చూడలేదు. 2015లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మిస్టర్ క్లీన్ పరీక్షలో 500 మంది రోగులు పాల్గొన్నారు, అత్యధికులకు స్టెంట్ రిట్రీవర్ వాడారు. మూడు నెలల తరువాత ఇతరులపై ఆధారపడకుండా బతకగలిగినవారు కేథెటర్ చికిత్స పొందిన వర్గంలో 32.6 శాతం, పొందనివారిలో 19.1 శాతం. అదే ఏడాది మరో నాలుగు పరీక్షలు దాన్ని బలపరిచాయి. చికిత్స సూత్రం రెండు సందర్భాలలోనూ ఒకటే. రోగుల ఎంపికా పరికరమూ మారాయి, ఫలితం తలకిందులైంది. డిజైన్ చేసేవాళ్ళ చేతిలో ఎంత ఉందో నాకు ఈ రెండేళ్ళ తేడా చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు.

ఇక మీ లెక్కలకు వద్దాం. సక్షన్ కేథెటర్ గడ్డను పట్టుకునే బలం, పీడనాల తేడాను కొన రంధ్రపు వైశాల్యంతో గుణిస్తే వస్తుంది. పీడనం వైపు మీకు ఆట్టే స్వేచ్ఛ లేదు. పంపు ఎంత ఖరీదైనదైనా వాతావరణ పీడనానికి మించిన వ్యాక్యూమ్ ఇవ్వలేదు, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో ఆ గరిష్ఠ పరిమితే దాదాపు 95 కిలోపాస్కల్‌కు దిగిపోతుంది. కాబట్టి 90 కిలోపాస్కల్ దొరుకుతుందని అనుకొని చూడండి. లోపలి వ్యాసం 0.060 అంగుళాలు, అంటే సుమారు 1.52 మిల్లీమీటర్లు అయితే పట్టు 0.16 న్యూటన్లు, దాదాపు 17 గ్రాముల బరువుకు సమానం. వ్యాసాన్ని 0.071 అంగుళాలకు, అంటే 1.8 మిల్లీమీటర్లకు పెంచితే అది 0.23 న్యూటన్లవుతుంది. పట్టు 40 శాతం పెరిగింది. ఇక ప్రవాహం వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది గనుక దాదాపు రెట్టింపవుతుంది. పదేళ్ళుగా కంపెనీలన్నీ అంగుళంలో వెయ్యో వంతు చొప్పున వ్యాసం పెంచుకుంటూ పోవడానికి కారణం ఇదే.

ఎదుటి పక్షాన ఉన్న బలాన్నీ లెక్కలోకి తీసుకోండి. గడ్డ వెనుక నుంచి రోగి రక్తపోటు దాన్ని లోపలికి తోస్తూ ఉంటుంది. 100 మిల్లీమీటర్ల పాదరసం అంటే 13.3 కిలోపాస్కల్. 2.7 మిల్లీమీటర్ల ధమనిలో, గడ్డ అవతల పీడనమే లేదనుకుంటే ఆ తోపు 0.08 న్యూటన్ల దాకా ఉంటుంది. నిజానికి పక్క కొమ్మల నుంచి అవతలికి కొంత రక్తం చేరుతుంది కనుక అంతకు తక్కువే ఉంటుంది. దీనికి గోడతో రాపిడి, అతుకు తోడవుతాయి. మెడలోని కెరోటిడ్ ధమనిలో బెలూన్ గైడ్ కేథెటర్‌ను (మిగతా కేథెటర్లకు దారిగా ఉంటూ, కొన దగ్గర బెలూన్ ఉన్న బయటి గొట్టాన్ని) ఉబ్బించి ప్రవాహాన్ని కాసేపు ఆపేస్తే ఆ తోపు చాలావరకు పోతుంది, రాలిన ముక్కను ముందుకు తీసుకుపోయే ప్రవాహం కూడా ఆగుతుంది. అందుకే ఏ డిజైన్ గురించి అడిగినా, అది బెలూన్ గైడ్ లోపలి నుంచి దూరుతుందా అని నేను మొదట చూస్తాను.

ఒక విషయం లెక్కల పుస్తకంలో సులభంగా తప్పిపోతుంది. పంపు దగ్గర మీటరు చూపించే వ్యాక్యూమ్ కొన దగ్గర ఉండదు. మీటరున్నర దాకా ఉండే సన్నని గొట్టంలో రక్తం పారుతున్నంతసేపూ పీడనం దారి పొడవునా ఖర్చయిపోతుంది. కొనకు గడ్డ అతుక్కొని ప్రవాహం ఆగినప్పుడే పూర్తి వ్యాక్యూమ్ కొన దాకా చేరుతుంది. కొబ్బరి బొండం తాగేటప్పుడు స్ట్రా కొనకు లేత మీగడ అంటుకుంటే నీళ్ళు ఆగిపోయి, స్ట్రా ఎత్తితే మీగడ దానితోపాటే వస్తుంది గదా, మనకు కావలసింది సరిగ్గా ఆ స్థితి. క్యాథ్ ల్యాబ్‌లో వైద్యుడు చూసే సంకేతం కూడా అదే. సక్షన్ ట్యూబులో రక్తం ధారగా వస్తుంటే కొన ఇంకా గడ్డను పట్టుకోలేదని అర్థం. ధార సన్నబడి ఆగిపోతే పట్టుకుంది. అప్పుడు కొన్ని నిమిషాలు ఆగి, గడ్డ కొంత లోపలికి సాగనిచ్చి, కేథెటర్‌ను మెల్లగా వెనక్కి తీస్తారు. మీ కొన ఆకారాన్ని ఈ ఆనుకోవడం కోసం రూపొందించండి. కొన అంచు ధమని అక్షానికి వాలుగా ఉండి ఒక పక్క ఖాళీ వదిలితే రక్తం ఆ పక్క నుంచి దూరిపోయి మొత్తం పట్టు సడలిపోతుంది.

వ్యాసం పెంచితే చాలుగదా అంటే, దారి అడ్డం వస్తుంది. గజ్జ దగ్గర లేదా మణికట్టు దగ్గర ధమనిలో ప్రవేశించిన కేథెటర్ బృహద్ధమని వంపు దాటి, మెడ మీదుగా, పుర్రె అడుగున ఆంగ్ల అక్షరం ఎస్ ఆకారంలో తిరిగే కెరోటిడ్ సైఫన్‌ను దాటాలి. అక్కడ కంటి ధమని మొదలయ్యే చోట పెద్ద కేథెటర్ కొన తట్టుకొని ఆగిపోవడం అందరూ ఎదుర్కొనే సమస్య. కారణం లోపల ముందుగా దారి చూపే సన్నని మైక్రోకేథెటర్‌కూ బయటి కేథెటర్ అంచుకూ మధ్య మిగిలే సందు. వంపు బయటి గోడను ఆనుకొని జారుతున్నప్పుడు ఆ అంచు కొమ్మ మొదట్లో తగులుకుంటుంది. సందును నింపే కొన సన్నబడిన డెలివరీ కేథెటర్‌ను లోపల పెట్టడం ఒక పరిష్కారం. నా అభిప్రాయంలో విద్యార్థి ప్రాజెక్టుకు ఇది చాలా మంచి విషయం, ఎందుకంటే సమస్య స్పష్టంగా ఉంది, కొలవవచ్చు, సిలికాన్ నమూనాలో పదే పదే పరీక్షించవచ్చు.

గొట్టం గోడ దగ్గరికి వస్తే, లోపల 1.8 మిల్లీమీటర్లు, బయట 2.1 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలంటే మీకు మిగిలేది 0.15 మిల్లీమీటర్ల మందం. అందులో మూడు పొరలు పట్టాలి. లోపల జారుడు కోసం పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) లైనర్, మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు లేదా నైటినాల్ తీగ, పైన పీబ్యాక్స్ అనే పాలిమర్ జాకెట్. తీగను చుట్టగా చుడితే గొట్టం వంపులో నొక్కుకుపోకుండా గుండ్రంగా నిలుస్తుంది. జడలా అల్లితే తిప్పినప్పుడూ లాగినప్పుడూ బలం బాగా అందుతుంది. అందువల్ల చాలా డిజైన్లలో కొన వైపు చుట్ట, చేతి వైపు అల్లిక ఉంటాయి. జాకెట్‌ను ఒకే గట్టిదనంతో వేయరు. చేతి వైపు షోర్ డి అనే గట్టిదనపు కొలతలో 72డితో మొదలై, కొన దగ్గరికి వచ్చేసరికి 35డి లేదా ఇంకా మెత్తని రకానికి మారేలా, పొట్టి ముక్కలను వరుసగా తొడిగి, పైన వేడికి ముడుచుకునే ఎఫ్ఈపీ తొడుగు వేసి కరిగించి ఒకటిగా చేస్తారు. గట్టిదనం మారే ప్రతి చోటా నొక్కు పడే ప్రమాదం ఉంటుంది కనుక ఆ మార్పు ఒక్కసారిగా జరగకుండా చూసుకోవాలి. చాలామంది తేలికగా తీసుకునే మరో విషయం లైనర్. పీటీఎఫ్ఈకి ఏదీ అంటుకోదు గనుక దాని బయటి ఉపరితలాన్ని రసాయనంతో మార్చి అంటుకునేలా చేస్తారు. ఆ పని సరిగా జరగకపోతే, బల్ల మీద చూసినప్పుడు గొట్టం నిక్షేపంలా ఉంటుంది, వ్యాక్యూమ్ ఇచ్చిన వెంటనే లైనర్ జాకెట్ నుంచి విడి లోపలికి కూలి దారి మూసేస్తుంది. అడ్డుకోత కోసి మైక్రోస్కోపు కింద చూస్తే, లైనర్‌కూ జాకెట్‌కూ మధ్య సన్నని చీకటి నెలవంకలా ఆ సందు కనబడుతుంది. ప్రతి బ్యాచ్‌లోనూ రెండు మూడు చోట్ల కోసి చూడండి.

గోడను లోపలికి కూలే పీడనానికే పరీక్షించి ఊరుకోవద్దు. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక పెద్ద వ్యాసపు సక్షన్ కేథెటర్‌ను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కొన గడ్డతో మూసుకుని ఉన్న స్థితిలో కేథెటర్ ద్వారా కాంట్రాస్ట్ ద్రవాన్ని (ఎక్స్-రేలో రక్తనాళాలు కనబడేలా చేసేదాన్ని) ఎక్కిస్తే, మెత్తని కొన భాగం ఉబ్బి చిట్లిపోయే అవకాశం ఉందని తేలింది. మరణాలూ నమోదయ్యాయి. కొనను మెత్తగా చేసే ప్రతి నిర్ణయం పగిలే పీడనాన్నీ తగ్గిస్తుంది కాబట్టి, కొన మూసి లోపలి నుంచి పీడనం ఇచ్చే పరీక్షను మీ జాబితాలో ముందే చేర్చండి. లాగితే తెగే బలానికి కేథెటర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10555-1 కనీస విలువలు ఇస్తుంది. బయటి వ్యాసం 1.85 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే 15 న్యూటన్లు, 1.15 నుంచి 1.85 వరకు ఉంటే 10 న్యూటన్లు. పరీక్షలన్నీ 37 డిగ్రీల నీటిలోనే చేయాలి, ఎందుకంటే ఏసీ గదిలో బాగా నెట్టుకుపోయిన పీబ్యాక్స్ గొట్టం శరీర ఉష్ణోగ్రతలో మెత్తబడి ముందుకు కదలనని మొరాయిస్తుంది, నైటినాల్ ప్రవర్తన కూడా ఉష్ణోగ్రతతో మారుతుంది.

నేను అన్నింటికన్నా ఎక్కువ చెప్పదలచుకున్నది గడ్డ గురించి. మీరు పంపిన వీడియోలో వాడినది జెలటిన్ ముద్దలా ఉంది. జెలటిన్ మీద గెలిచిన కొన నిజమైన గడ్డ మీద గెలుస్తుందని అనుకోలేం. గడ్డలన్నీ ఒక తీరువి కావు. ఎర్ర రక్తకణాలు ఎక్కువగా ఉన్న ఎర్ర గడ్డ మెత్తగా ఉంటుంది, స్టెంట్ రిట్రీవర్ తీగలు అందులో దిగుతాయి, సక్షన్‌కు సాగి లోపలికి వస్తుంది, కానీ నలిగి ముక్కలవుతుంది. ఫైబ్రిన్ (గడ్డను కట్టి ఉంచే పోగుల ప్రోటీన్), ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న తెల్లని గడ్డ రబ్బరులా బిగుసుకొని ఉంటుంది, గోడతో రాపిడి ఎక్కువ, తీగలు దానిలో దిగక దాన్ని గోడకు ఒత్తి పైనుంచి దొర్లి వచ్చేస్తాయి. మూడో ప్రయత్నంలోనూ రాని గడ్డలలో ఈ రెండో రకానివి ఎక్కువ. ఒకే పరికరం రెండింటి మీదా పనిచేయాలి, ఎందుకంటే లోపలున్నది ఏ రకమో రోగిని టేబుల్ మీదికి తెచ్చేటప్పటికి వైద్యుడికి కచ్చితంగా తెలియదు.

ప్రయోగశాలలో వీటిని తయారుచేసుకోవచ్చు. సిట్రేటు కలిపిన గొర్రె రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మానూ ఎర్ర కణాలనూ వేరు చేయండి. తరువాత ఎర్ర కణాలు అసలు లేనిది, 5 శాతం ఉన్నది, 40 శాతం, 80 శాతం ఉన్నవి, ఇలా వేర్వేరు పాళ్ళలో తిరిగి కలిపి, కాల్షియం క్లోరైడ్, త్రాంబిన్ చేర్చి 37 డిగ్రీల దగ్గర గడ్డకట్టనివ్వండి. ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు మిగిలేలా సెంట్రిఫ్యూజ్ వేగాన్ని తగ్గించడం ముఖ్యం. ప్లేట్‌లెట్లు ఉంటేనే గడ్డ తనంతట తాను ముడుచుకొని బిగుస్తుంది. అవి లేని గడ్డ చూడటానికి ఒకేలా ఉన్నా వేలితో నొక్కితే నలిగిపోతుంది, దాని మీద వచ్చిన ఫలితాలు మిమ్మల్ని మోసం చేస్తాయి. ప్రతి గడ్డనూ నొక్కి గట్టిదనం కొలిచి, ఆ విలువను ప్రయోగ ఫలితం పక్కన రాసి పెట్టుకోండి. సిలికాన్ నమూనా తరువాత ద్రవం పోయే దారిలో సన్నని జల్లెడ ఉంచి, ప్రతి ప్రయత్నం తరువాత అందులో చిక్కిన ముక్కల సంఖ్యనూ పరిమాణాన్నీ లెక్కించండి. గడ్డ వచ్చిందా లేదా అన్నది ఒక కొలత, జల్లెడలో ఏం మిగిలింది అన్నది రెండో కొలత. రెండింటినీ కలిపి చూపించని ఫలితాన్ని నేను నమ్మను.

మీ బ్లేడును పూర్తిగా పారేయమని అనడం లేదు. దానికి తగిన చోటు వేరే ఉండవచ్చు. డయాలసిస్ ఫిస్టులాలో (డయాలసిస్ కోసం ధమనిని సిరకు కలిపిన చోట), కాలి పెద్ద సిరల్లో గడ్డను యాంత్రికంగా నలిపి పీల్చే పరికరాలు ఉన్నాయి. సిరల నుంచి తప్పించుకున్న ముక్క ఊపిరితిత్తులకు చేరుతుంది. అది ప్రమాదం కాకపోలేదు, కానీ విశాలమైన ఊపిరితిత్తుల రక్తనాళ వ్యవస్థ చిన్న ముక్కలను తట్టుకోగలదు, మెదడు తట్టుకోలేదు. అయితే అక్కడ మరో చిక్కు వస్తుంది. వేగంగా తిరిగే భాగం గానీ వేగంగా చిమ్మే ద్రవం గానీ ఎర్ర కణాలను పగలగొడుతుంది. సెలైన్ జెట్‌తో పనిచేసే ఆంజియోజెట్ వాడినప్పుడు మూత్రం ఎర్రబడటం, గుండె వేగం పడిపోవడం వైద్యులకు తెలిసిన విషయాలే. కాబట్టి ఆ దారిన వెళ్తే పరీక్ష తరువాతి ప్లాస్మాలో స్వేచ్ఛా హిమోగ్లోబిన్, అంటే పగిలిన కణాల నుంచి బయటపడినది, కొలవాలి. ఊపిరితిత్తుల ధమనుల కోసం చేసిన ఫ్లోట్రీవర్ మాత్రం నలపడాన్ని వదిలి పెద్ద వ్యాసం దారి పట్టింది. 24 ఫ్రెంచ్, అంటే 8 మిల్లీమీటర్ల గొట్టం. తిప్పడమే మీకు ఇష్టమైతే, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో ప్రచురించిన మిల్లీస్పిన్నర్ పనిని చదవండి. తిరిగే బోలు గొట్టం గడ్డను కోయకుండా, నొక్కుతూ రాపాడిస్తూ, ఫైబ్రిన్ పోగులను ఉండగా చుట్టి గడ్డ పరిమాణాన్ని బాగా తగ్గిస్తుంది. భ్రమణాన్ని ముక్కలు చేయడానికి కాక ముడవడానికి వాడటం అందులోని కొత్తదనం.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మన దేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం పరికరాలు ఎ నుంచి డి వరకు నాలుగు తరగతులు. మెదడు రక్తనాళాలలోకి వెళ్ళే కేథెటర్ అత్యధిక ప్రమాద తరగతి అయిన డిలో పడుతుంది, దాని లైసెన్సు కేంద్ర సంస్థ అయిన సీడీఎస్‌సీవో పరిధిలోనిది. పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారుచేయడానికి కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి. కాలేజీ దశలోనే ప్రమాద విశ్లేషణను, వైద్య పరికరాల ప్రమాద నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 14971 పద్ధతిలో, మొదటి నెల నుంచే రాయడం అలవాటు చేసుకోండి. ఆ తరువాత పరీక్షా సౌకర్యాల కోసం విశాఖపట్నంలోని వైద్య పరికరాల పార్కు ఏఎంటీజెడ్‌ను సంప్రదించవచ్చు.

జంతు ప్రయోగం దాకా వెళ్ళే ఆలోచన ఉంటే ఒక్క విషయం ముందే గుర్తుంచుకోండి. పందిలో మెదడుకు రక్తాన్ని తీసుకుపోయే దారిలో రీటే మిరాబిలే అనే సన్నని నాళాల వల అడ్డంగా ఉంటుంది, కేథెటర్ దాన్ని దాటలేదు. అందుకే పరిశోధకులు మెదడు ధమనులకు బదులు పంది నాలుక, దవడ ప్రాంతాల ధమనులలో గడ్డ పెట్టి పరీక్షిస్తారు. అక్కడి వంపులు మనిషి కెరోటిడ్ సైఫన్‌కు సమానం కావు కాబట్టి, గోడకు కలిగే గాయాన్ని పందిలోనూ, చేరుకునే సామర్థ్యాన్ని మనిషి స్కాన్‌ల నుంచి చేసిన సిలికాన్ నమూనాలోనూ విడివిడిగా పరీక్షించవలసి ఉంటుంది. మీ దగ్గర ఇప్పుడున్న సమయానికి, ఆ రెండో పరీక్షతోపాటు నాలుగు పాళ్ళ గడ్డలూ జల్లెడ లెక్కా పూర్తి చేయగలిగితే ప్రాజెక్టుకు అది సరిపోతుంది.